తొట్టిలో నలభై రోజులు

జనవరి 27

వదిన గారికి,

మీ ఉత్తరం మొన్న అందింది. ఇంటాయన ఇల్లు పడగొట్టి మళ్ళీ కట్టుకుంటున్నాడనీ, మీరు ఆసుపత్రి దగ్గర మూడో అంతస్తులో రెండు గదుల వాటాలోకి మారుతున్నారనీ, మీ పెరటి సిమెంటు గుంటలో ఉన్న జపాను రకం కోయి చేపని మా కొత్త కొలనులో వేసుకోమనీ రాశారు. వేసుకోమన్నారే గానీ, వేసుకుంటావా అని అడగలేదు. ఈ ఇరవై ఏడేళ్ళలో మీరు నన్ను ఏదీ అడిగింది లేదు కాబట్టి నాకేమీ కొత్తగా అనిపించలేదు.

కొలను గురించి మీ తమ్ముడు మీకేం గొప్పలు రాశారో తెలీదు. ఉన్నది ఇది. పదకొండు అడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు, నాలుగున్నర అడుగుల లోతు. ముప్ఫయ్యేళ్ళుగా అందరి స్థలాలూ కొలిచిన సర్వేయరు గారు సొంత పెరట్లో కొలత వేస్తే ఒక పక్క అంచు నాలుగంగుళాలు దిగింది. నీళ్ళు నింపిన రోజే పక్కింటి గోడ నానింది. ఆ అంచు మీద ఇటుకలు పేర్చి లేపింది నేను. రెండు డ్రమ్ముల ఫిల్టరు ఏడు వారాలుగా ఆపకుండా తిరుగుతోంది. రోజూ పొద్దున ఏడింటికి నీళ్ళు పరీక్షించి పుస్తకంలో రాస్తున్నాను. ఈ రోజు పదిహేను డిగ్రీలు, అమ్మోనియా సున్నా. క్రితం వారం ఆరు చేపలు కూడా వచ్చాయి.

మీ చేపని తీసుకోవడానికి నాకు అభ్యంతరం లేదు. కానీ నేరుగా కొలనులోకి రాదు. బట్టలుతికే గదిలో, మిషను పక్కన, తొమ్మిది వందల లీటర్ల నీలం తొట్టి పెట్టాను. అందులో నలభై రోజులు ఉండాలి. పాచి పట్టిన గుంటలో ఇరవై రెండేళ్ళు బతికిన చేప ఒంటి మీద ఏమేం మోస్తోందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. పంపే ముందు రెండు రోజులు మేత ఆపండి. రెండు సంచులు ఒకదానిలో ఒకటి పెట్టి ఆక్సిజన్ పట్టించండి. మీ గుంట నీళ్ళు ఒక్క గరిటెడు కూడా నా కొలనులో పడవు.

మీకు ఫోన్లో వినపడదు, మెసేజీలు చదవరు. అందుకే ఇంత రాయాల్సి వచ్చింది.

మీ మరదలు

ఫిబ్రవరి 3

మరదలికి,

నీ ఉత్తరం చదివాక ఒకసారి వెళ్ళి అద్దంలో చూసుకున్నాను, నాకేమైనా అంటురోగం ఉందేమోనని. ముప్ఫయ్యారేళ్ళు ఆసుపత్రిలో పనిచేసి, అందులో పదకొండేళ్ళు అంటురోగాల వార్డుకి హెడ్ నర్సుగా ఉండి రిటైరయ్యాను. ఇప్పుడు నువ్వు నాకు విడిగా ఉంచడం అంటే ఏమిటో పాఠం చెబుతున్నావు, బట్టల మిషను పక్కన కూర్చుని.

సరే. నీ ఇల్లు, నీ తొట్టి. పాచి అని తేలిగ్గా అన్నావు గానీ, ఆ పచ్చటి నీళ్ళలోనే అది ఇరవై రెండేళ్ళు ఒక్కనాడు జబ్బు పడకుండా బతికింది. నీ ఏడు వారాల నీళ్ళు ఇంకా ఏ చేపనీ బతికించి చూపించలేదు.

దాన్ని టోపీ అంటాను. ఒళ్ళంతా తెలుపు, నెత్తి మీద మాత్రం ఎర్రటి మచ్చ. మా వార్డు నుంచి ఇంటికెళ్తూ ఒక ముసలి పేషంటు పాలసీసాలో వేసి ఇచ్చాడు. అప్పుడు నా చిటికెన వేలంత. ఇప్పుడు నీ మోచెయ్యి కంటే పొడుగు. పొద్దున డ్యూటీకి వెళ్ళే ముందు గుంట గట్టు మీద చెంచాతో రెండుసార్లు కొడితే వచ్చి చేతిలో మేత తింటుంది. రిటైరయ్యాక కూడా అదే టైముకి లేచి కొడుతున్నాను. నువ్వు కొట్టు, కొట్టకపో. చెప్పడం నా పని.

పదో తేదీన మా పాత అంబులెన్సు డ్రైవరు తీసుకొస్తాడు. అతనికి కూడా తొట్టి సిద్ధం చేశావేమో ముందే చెప్పు, బట్టలు తెచ్చుకుంటాడు.

ఒక మాట. ఆ ఆరు చేపలు ఎన్నాళ్ళు ఉన్నాయి నీ తొట్టిలో?

వదిన

ఫిబ్రవరి 13

వదిన గారికి,

చేప పదో తేదీ పదకొండున్నరకి చేరింది. డ్రైవరు మర్యాద తెలిసిన మనిషి, చెప్పులు గుమ్మం బయటే విడిచాడు. సంచిని ఇరవై నిమిషాలు తొట్టి నీళ్ళ మీద తేలనిచ్చి, రెండు నీళ్ళ వేడీ సమానమయ్యాక చేపని మాత్రమే చేతుల్లో ఎత్తి వదిలాను. సంచి నీళ్ళు బయట మురిక్కాలవలో పోశాను. పొడవు ఇరవై ఆరంగుళాలు. కుడి రెక్క కింద రెండు పేలు దొరికాయి. పట్టకారుతో తీసి సీసాలో వేసి, తేదీ రాసి ఉంచాను. ఒక్కనాడు జబ్బు పడలేదన్నారు కదా, ఎప్పుడైనా వస్తే చూద్దురు గాని.

తొట్టి పైన వల కట్టాను, ఎగిరి పడకుండా. తొట్టికి విడిగా ఒక వల, విడిగా చెప్పులు. ముందు కొలను పని ముగించుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని, చెప్పులు మార్చుకుని అప్పుడు తొట్టి దగ్గరికి వెళ్తాను. తొట్టి ముట్టుకున్నాక ఆ పూట కొలను వైపు వెళ్ళను. తొట్టి నీళ్ళలో పదకొండు గ్లాసుల ఉప్పు కలిపాను.

ఆ ఆరు చేపల సంగతి అడిగారు. అవి పేరున్న పెంపకం వాళ్ళ దగ్గర్నుంచి వచ్చాయి. రోగాలు లేవని పరీక్ష చేసిన కాగితం, దాని మీద ముద్ర, నంబరు అన్నీ ఉన్నాయి. కాగితాన్ని ఫైల్లో పెట్టాను. అలాంటి వాటికి తొట్టి అక్కర్లేదు. నేరుగా కొలనులోనే వేశాను.

ఉప్పు కొలిచిన గ్లాసు ఏదో మీకు గుర్తుండే ఉంటుంది. అంచు కింద మేకుతో గీత గీసిన స్టీలు గ్లాసు. నేను కాపురానికి వచ్చిన మొదటి రోజు మీరు నా చేతికిచ్చి, "ఇది నీది, దీన్ని వేరే వాటితో కలపకు," అన్నారు. వంటింటి గుమ్మం దగ్గర చెయ్యి అడ్డం పెట్టి, "మా అమ్మకి ఇంకొకళ్ళ చేతి వంట పడదు, నువ్వు లోపలికి రానక్కర్లేదు," అన్నారు. యాభై రెండు రోజులు హాల్లో కూర్చోబెట్టి కొత్త చుట్టానికి వడ్డించినట్టు వడ్డించారు. రోజులు కేలండరు వెనక పెన్సిలుతో గీతలు గీసుకుని లెక్కపెట్టాను కాబట్టి ఖచ్చితంగా చెబుతున్నాను. అప్పుడు నేనేమీ అనలేదు. ఇప్పుడు మీ చేప కూడా ఏమీ అనడం లేదు. బుద్ధిమంతురాలు.

చెంచా కొట్టలేదు. బట్టలుతికే గదిలో కచేరీలు పెట్టే ఓపిక నాకు లేదు.

మీ మరదలు

ఫిబ్రవరి 20

మరదలికి,

ఇరవై ఏడేళ్ళు ఒక గ్లాసుని దాచిపెట్టుకుని దాంతో చేపకి ఉప్పు కొలిచే మనిషిని నా సర్వీసులో చూడలేదు. వార్డులో మతిస్థిమితం లేనివాళ్ళు కూడా ఉండేవారు.

వంటింటి సంగతి మళ్ళీ ఎత్తకు. దాని గురించి నీకు చెప్పాల్సిందేమీ లేదు.

కొత్త వాటాలోకి వచ్చాను. బాల్కనీలో నిలబడితే ఎదురు బిల్డింగు నీళ్ళ ట్యాంకు కనిపిస్తుంది. పొద్దున అయిదింటికే మెలకువ వస్తోంది. లేచి ఏం చెయ్యాలో తెలీక మూడు గిన్నెలు రెండుసార్లు తోముతున్నాను.

నీ ముద్రల కాగితం గురించి. దాని మీద తేదీ చూశావా? మా వార్డుకి కూడా కొందరు కాగితం పట్టుకుని వచ్చేవారు, ఏమీ లేదని రాయించుకుని. కాగితానికి ఏమీ ఉండేది కాదు, నిజమే. రోగం మనిషికి ఉండేది.

టోపీ తింటోందా లేదా? అంత రాశావు, పేలకి తేదీ వేశానన్నావు, అది మాత్రం రాయలేదు.

వదిన

మార్చి 1

వదిన గారికి,

మీ ఉత్తరంలో మడతపెట్టి మీ తమ్ముడికి విడిగా పెట్టిన చీటీ కూడా నేనే చదివాను. ఆయనకి వచ్చిన ఉత్తరాలు ఆయన ఎప్పుడైనా విప్పారా? "నీ భార్య చూడనప్పుడు దాన్ని కొలనులో వదిలెయ్, తొట్టిలో దిగులుతో చచ్చిపోతుంది" అని రాశారు. అరవై మూడేళ్ళ హెడ్ నర్సు గారు రాయాల్సిన చీటీయేనా అది? చీటీ ఆయన చేతికే ఇచ్చాను. చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ చదివి, నా వైపు చూసి, వర్షం వచ్చేలా ఉందన్నారు. మీ ఇద్దరి మధ్యా ఆయన బతికిన పద్ధతి అదే.

కాగితం తేదీ అడిగారు. తేదీలు చూడటం నాకు మీరు నేర్పాలా? ఈ ఇంట్లో కరెంటు బిల్లు నుంచి దగ్గు మందు దాకా దేనికి తేదీ వెయ్యకుండా ఉంచాను? అంత పెద్ద పెంపకం వాళ్ళు ముద్ర వేసిచ్చిన కాగితాన్ని మీ మాట మీద ఫైల్లోంచి తీసి అనుమానంతో చూడాలా? నేను చూడలేదు, చూడను కూడా.

మీ చేప మొదటి తొమ్మిది రోజులు ఏమీ తినలేదు. మీరు అడిగారు కాబట్టి రాస్తున్నాను, మీరు కంగారు పడాలని కాదు. నీళ్ళు బాగున్నాయి, ఒంటి మీద మచ్చ లేదు, మొప్పలు ఎర్రగా ఆరోగ్యంగా ఉన్నాయి. ఒట్టి పొగరు. పదో రోజు బట్టలు ఆరేసి వచ్చేసరికి మీ తమ్ముడు తొట్టి పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, అంచు మీద చెంచాతో కొడుతున్నారు. అది ఆయన చేతిలో మేత తింటోంది. నన్ను చూసి చెంచా జేబులో పెట్టుకున్నారు. చేతులు కడుక్కోమని మాత్రం అన్నాను.

చలి తగ్గింది. కొలనులో నీళ్ళు పందొమ్మిది డిగ్రీలకి వచ్చాయి, ఆరు చేపలూ హుషారుగా తిరుగుతున్నాయి. ఇక పద్ధతి ప్రకారం ఇరవై ఎనిమిదో రోజు, అంటే తొమ్మిదో తేదీన, కొలనులోంచి ఒక చేపని తీసి తొట్టిలో మీ దాని పక్కన వేస్తాను. పన్నెండు రోజులు రెండూ కలిసి ఉంటాయి. మీ చేప దగ్గర ఏదైనా దాగి ఉంటే మా చేపకి అంటుకుని బయటపడుతుంది. మా చేప ఒకటి పోతే పోయింది, మిగతా అయిదూ దక్కుతాయి. ఏమీ రాకపోతే ఇరవై ఒకటో తేదీకి నలభై రోజులూ పూర్తయి మీ చేపకి కొలను ప్రవేశం.

మీ మరదలు

మార్చి 5

మరదలికి,

తొమ్మిది రోజులు అన్నం ముట్టలేదని తీరిగ్గా ఇప్పుడు రాస్తున్నావు. పొగరని పేరు పెట్టావు. మా వార్డులో నీలాంటి నర్సు ఉంటే మొదటి వారమే ఇంటికి పంపేదాన్ని.

ఇక చాలు. నా దగ్గర పనిచేసిన అమ్మాయి ఒకతె ఉంది, వాళ్ళింట్లో చిన్న కుంట ఉంది. నీ అంత శుభ్రం కాదు గానీ మనిషి మంచిది. పదమూడో తేదీన డ్రైవరు వస్తాడు. టోపీని సంచిలో పెట్టి అతనికి అప్పగించు. ఆ తొట్టి కడిగి మళ్ళీ బట్టలు నానబెట్టుకో.

అప్పటిదాకా దాని పక్కన ఏ చేపనీ వెయ్యకు. దాన్ని ఒంటరిగా ఉండనీ.

వదిన

మార్చి 14

మరదలికి,

డ్రైవరు వట్టి చేతులతో వచ్చాడు. గేటు దగ్గరే ఆపేశావట. లోపలికి రానివ్వలేదట, మంచినీళ్ళు కూడా గేటు మీదుగా అందించావట. చేప ఏదమ్మా అంటే, "ఇప్పుడు ఇవ్వను, వెళ్ళి చెప్పండి," అన్నావట. పెరట్లోంచి సున్నం వాసన వస్తోందని కూడా చెప్పాడు.

సున్నం ఎందుకు చల్లుతారో నాకు తెలుసు. చచ్చిపోయిందని నాతో చెప్పే ధైర్యం నీకు లేదు. పోనీ, తమ్ముడికైనా ఉండాల్సింది.

ఇంకేమీ రాయకు. పుస్తకంలో మాత్రం రాసుకో, ఎన్నో రోజున పోయిందో.

మార్చి 18

వదిన గారికి,

రాయొద్దన్నా రాస్తున్నాను. టోపీ బతికే ఉంది. ఈ పొద్దున్న మేత తింది. ఈ వాక్యం ముందే రాసి, మిగతాది తర్వాత రాస్తున్నాను, మీరు చివరిదాకా చదవాల్సిన పని లేకుండా.

తొమ్మిదో తేదీ పొద్దున ఏడింటికి వల తీసుకుని కొలను దగ్గరికి వెళ్ళాను, తొట్టిలో వెయ్యడానికి ఒక చేపని పట్టుకుందామని. నీళ్ళు ఇరవై రెండు డిగ్రీలు. ఆరింటిలో పచ్చ చేప ఒకటి నీళ్ళ మీద పక్కకి ఒరిగి ఉంది. దాని కళ్ళు లోపలికి పీక్కుపోయాయి. ఇంకో రెండు నీళ్ళు పడేచోట మూతి తెరుచుకుని నిలబడ్డాయి. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాల్సింది తెల్లగా, కుళ్ళిన బట్టలా ఉంది. మీ ఉత్తరం ఆ మధ్యాహ్నమే వచ్చింది, దాని పక్కన ఏ చేపనీ వెయ్యొద్దని.

చేపల డాక్టరు వచ్చి మొప్ప ముక్క తీసుకెళ్ళి పరీక్ష చేయించాడు. చేప ఒంట్లో నెలల తరబడి నిద్రపోయి, నీళ్ళు వెచ్చబడగానే లేచే రోగమట. దానికి మందు లేదట. అవి వచ్చేటప్పుడే తెచ్చుకున్నాయన్నాడు. కాగితం ఉందన్నాను. చూపించమన్నాడు. ఫైలు తెచ్చి, ఆయన చేతికిచ్చే ముందు నేనే చదివాను. వదినా, దాని మీద తేదీ పద్నాలుగు నెలల కిందటిది. ఆ నంబరు వేరే విడత చేపలది. నా ఆరు చేపలు అప్పటికి పుట్టి కూడా ఉండవు. ముద్ర మాత్రం నిజమైనదే. డాక్టరు ఏమీ అనకుండా కాగితం తిరిగిచ్చాడు. మీరైతే అనేవారు.

ఆరూ పోయాయి. చివరిది నిన్న సాయంత్రం పోయింది. సర్వేయరు గారు పెరటి మూల లోతుగా గొయ్యి తవ్వారు, ఈసారి కొలత సరిగ్గా వచ్చింది. ఆ సున్నం గొయ్యిలో వేసింది. పెరట్లో అడుగుపెట్టినవాళ్ళు చెప్పులతో రోగాన్ని మోసుకుపోతారని డాక్టరు గేటు మూసి ఉంచమన్నాడు. డ్రైవరుతో టోపీని పంపిస్తే, దానికీ రోగం అంటి ఉంటే, ఆ అమ్మాయి కుంట కూడా పోయేది. డ్రైవరుకి అంతా గేటు దగ్గర నిలబెట్టి చెప్పడానికి నాకు నోరు రాలేదు. సిగ్గేసింది. అంతే, ధైర్యం సంగతి కాదు.

ఇప్పుడు నా పుస్తకం తిరగేస్తే నవ్వొస్తోంది. రోజూ ముందు కొలను పని, తర్వాత తొట్టి పని. తొట్టి నుంచి కొలనుకి ఏమీ పోకూడదని ఆ వరస పెట్టాను. రోగం ఉన్నది కొలనులో. అంటే ఇరవై ఎనిమిది రోజులు రోగిష్టి నీళ్ళు ముట్టుకుని తిన్నగా మీ చేప దగ్గరికి వెళ్ళాను. మధ్యలో సబ్బూ చెప్పులూ లేకపోతే ఈ ఉత్తరం వేరేగా ఉండేది. ఇప్పుడు వరస మార్చాను. తొట్టి పని నాది. కొలను వైపు నేను అసలు వెళ్ళను, మీ తమ్ముడు వెళ్తారు. ఆయన తొట్టి గదిలోకి రారు. డాక్టరు తొమ్మిదో తేదీ నుంచి ఇంకో నాలుగు వారాలు చూడమన్నాడు.

ఆయన రాకూడదు కాబట్టి చెంచా నేనే కొడుతున్నాను.

మీ చేపని హీనంగా చూసి విడిగా పెట్టాను. విడిగా పెట్టినందుకే బతికింది. దీనికి మీరు ఎంత వెటకారం రాసినా చదువుతాను.

మీ మరదలు

మార్చి 24

మరదలికి,

ఉత్తరం మొదటి వాక్యం చదివి పక్కన పెట్టి, టీ పెట్టుకుని తాగి, అప్పుడు మిగతాది చదివాను. మొదటిసారిగా ఒక ఉత్తరం ఎలా రాయాలో తెలిసినట్టు రాశావు.

ముందు పని. చేతులు మోచేతుల దాకా కడుక్కో. వేళ్ళ సందులు మర్చిపోకు. తొట్టి గది తలుపు కింద తడి గుడ్డ పెట్టడం దండగ, గాలికి వచ్చేది కాదు అది. వల పిడి కూడా కడగాలి, అందరూ వలనే కడుగుతారు. మీ ఆయన్ని కొలను దగ్గర్నుంచి వచ్చాక స్నానం చెయ్యమను. చేశానంటాడు. జుట్టు తడిగా ఉందో లేదో చూడు.

ఇక నువ్వు వెటకారం చదువుతానన్నావు కాబట్టి చదువు. విడిగా పెట్టేది ఎప్పుడూ కొత్తగా వచ్చినదాని రోగానికి భయపడే అనుకుంటావా? ఒక చేప చెప్పేదాకా నీకు తట్టలేదు. యాభై రెండు గీతలు గీశావు గానీ, యాభై మూడో రోజు ఎందుకు రానిచ్చానని ఒక్కసారి అడిగావా?

నువ్వు రావడానికి పన్నెండు రోజుల ముందు అమ్మకి క్షయ అని తేలింది. కఫం పరీక్షలో బాగా కనిపించింది. వంటింటి వెనక చిన్న గదిలో పడుకునేది, నీకు గుర్తుందా? వంటింట్లోంచి తప్ప దానికి దారి లేదు. మందులు మొదలుపెట్టాను. మొదటి రెండు నెలలూ దగ్గరికి పోతే అంటుకుంటుంది. పెళ్ళి ఆపుదామన్నాను. అమ్మ నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. "కోడలికి తెలిస్తే పుట్టింటికి వెళ్ళిపోతుంది, నీ తమ్ముడి బతుకు పాడవుతుంది, చెప్పనని మాటివ్వు," అంది. ఇచ్చాను. తమ్ముడికి కూడా చెప్పలేదు. వాడికి చెబితే ఆ సాయంత్రానికి నీకు తెలిసేది. అందుకే వాడికి కూడా వడ్డన హాల్లోనే.

ఇరవై నాలుగేళ్ళ పిల్ల, కాపురానికి వచ్చిన రోజే చీర కుచ్చిళ్ళు దోపుకుని వంట చేస్తానని వచ్చి నిలబడ్డావు. మంచి మాటతో చెబితే ఆగే రకం కాదని చూడగానే తెలిసింది. చెడ్డ మాటతో ఆపాను. ఆగావు. ఇరవై ఏడేళ్ళు ఆగావు.

గ్లాసు. గీత అమ్మ గ్లాసు మీద గీయాలి అసలు. గీస్తే అమ్మ చూసుకుని ఏడ్చేది. అందుకని నీ దాని మీద గీశాను. నీది శుభ్రమైన గ్లాసు. మిగతావాటితో కలపొద్దన్నది అందుకు.

యాభై రెండో రోజు సాయంత్రం కఫం పరీక్ష రెండోసారి కూడా ఏమీ లేదని వచ్చింది. కాగితం మీద తేదీ చూసుకున్నాను. మర్నాడు వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, "ఇక నువ్వే చూసుకో, నాకు డ్యూటీ ఉంది," అన్నాను. నువ్వు మూతి ముడుచుకుని లోపలికి వెళ్ళావు.

అమ్మ పోయి పదిహేనేళ్ళయింది. అప్పుడైనా చెప్పొచ్చు. కానీ అప్పటికి నీకు నేను గయ్యాళి ఆడపడుచుని, నాకు నువ్వు లెక్కల పిచ్చిదానివి. ఇద్దరికీ అలవాటైపోయింది. మళ్ళీ మొదలుపెట్టే ఓపిక ఎవరికుంది?

టోపీకి మొదట రొయ్యల పొడి కలిపిన మేత పెట్టు, తర్వాత మామూలుది.

వదిన

ఏప్రిల్ 12

వదినా,

మీ ఉత్తరం వచ్చాక ఎన్నిసార్లు మొదలుపెట్టినా మొదటి వాక్యం కుదరలేదు. అందుకే ఇన్ని రోజులు. కుదరకుండానే రాస్తున్నాను.

మీ తమ్ముడికి చదివి వినిపించాను. వాళ్ళమ్మ జబ్బు గురించి విన్నప్పుడు లేచి పెరట్లోకి వెళ్ళి, చాలాసేపు ఖాళీ కొలను అంచు మీద కూర్చున్నారు. వచ్చాక, "అక్క ఒక్కతే మోసిందా?" అన్నారు. అవునన్నాను. వర్షం మాట ఎత్తలేదు.

కొలను మొత్తం తోడి, మందు కలిపిన నీళ్ళతో మూడుసార్లు కడిగి, రెండు వారాలు ఎండబెట్టాం. ఫిల్టరు డ్రమ్ముల్లో ఉన్నదంతా పారేశాం. నిన్న మళ్ళీ నీళ్ళు పట్టడం మొదలుపెట్టాను. నీళ్ళు తయారు కావడానికి ఇంకో ఏడు వారాలు పడుతుంది. టోపీ తొట్టిలోకి వచ్చి ఈ రోజుకి అరవై రెండు రోజులు. నాలుగు వారాల గడువు దాటింది. ఒంటి మీద మచ్చ లేదు. డాక్టరు దాని రక్తం కూడా తీసి పరీక్షకి పంపాడు. ఏమీ లేదని కాగితం వచ్చింది. తేదీ మొన్నటిది. రెండుసార్లు చూశాను, తర్వాత మీ తమ్ముడి చేత చూపించాను.

యాభై మూడో రోజు నాకు బాగా గుర్తుంది. మూతి ముడుచుకుని వెళ్ళానన్నారు. నిజమే. లోపల అత్తయ్య ఎత్తు పీట మీద కూర్చుని ఉన్నారు. "వచ్చావా, ఎన్నాళ్ళకి," అన్నారు. ఆ మాట నన్ను వెక్కిరించడానికి అన్నారనుకుని ఆ రోజంతా ఆవిడతో మాట్లాడలేదు. ఈ లెక్క ఏ పుస్తకంలో రాసుకోవాలో నాకు తెలీడం లేదు.

మీ తిట్లన్నీ వరసగా మళ్ళీ గుర్తు తెచ్చుకున్నాను. "రానక్కర్లేదు" అన్న రోజు మీ నైట్ డ్యూటీ. అంటే రాత్రంతా వార్డులో నిలబడి, పొద్దున వచ్చి వంట చేసి, అత్తయ్యకి మందులు వేసి, మా ఇద్దరికీ హాల్లో వడ్డించి, నా చేత తిట్టించుకున్నారు. మనసులో తిట్టాను లెండి, అయినా మీకు వినిపించే ఉంటుంది. అప్పుడు మీ చెవులు బాగానే ఉండేవి.

జూన్ మొదటి వారంలో టోపీ కొలనులోకి వెళ్తుంది. నేను ఎత్తి వదలను. ఇరవై ఆరంగుళాల చేప, నా చేతుల్లో జారితే మళ్ళీ మీతో మాటలు పడే ఓపిక లేదు. మీరే వచ్చి వదలాలి. ముందు గది ఖాళీ చేశాను. కిటికీ తీస్తే కొలను కనిపిస్తుంది. అయిదింటికి మెలకువ వచ్చినా చెయ్యడానికి ఏదో ఒకటి ఉంటుంది. ఎన్నాళ్ళు ఉంటారో నేను అడగను, మీరు చెప్పకండి. ఇది అడగడం కాదు. మీ పద్ధతిలోనే రాస్తున్నాను. వచ్చెయ్యండి.

వంటింట్లోకి మాత్రం మొదటి రోజు రానివ్వను. కూర్చుంటే హాల్లోకి తెచ్చి వడ్డిస్తాను.

ఉప్పుకి ప్లాస్టిక్ కప్పు కొన్నాను. గ్లాసు చింతపండుతో తోమి, మరిగే నీళ్ళలో వేసి తీసి, మిగతా గ్లాసులతో కలిపి పెట్టాను.

మీ మరదలు

చెంచా రెండుసార్లు కొడితే వస్తుందని రాశారు. నలభై పూటలు చూశాను. మూడోసారి కొడితేనే వస్తోంది. ఇన్నేళ్ళూ మీరు తప్పు లెక్కపెట్టారు.